వంగితేనే సరిపోయే చొక్కా

కరోనా తగ్గి విమానాలు మళ్లీ తిరగడం మొదలెట్టిన ఏడాది, చలికాలంలో, నాకు ఒమాన్‌లో అల్ హైల్ అనే చోట ఆడవాళ్ల టైలర్ షాపులో మాస్టర్ డ్యూటీ దొరికింది. మాస్టర్ అంటే పాఠాలు చెప్పేవాళ్లు కాదండి. కొలత తీసి కత్తెర పట్టేవాళ్లని మాస్టర్ అంటారు. మిషన్ మీద కూర్చునేవాళ్లు కారీగర్లు. కాజాలూ హెమ్మింగులూ చేసేవాళ్లు హెల్పర్లు. అక్కడి ఆడవాళ్లు మగవాళ్ల చేత కొలతలు తీయించుకోరు, అందుకని నన్ను తెచ్చుకున్నారు. నాకు చదువు లేదు. అంకెలు వేస్తాను, మరియమ్మ అని నా పేరు రాస్తాను, అంతే. ఇదంతా నేను చెప్తుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. "నిదానంగా చెప్పండి పెద్దత్తయ్యా" అని మధ్యమధ్యలో కసురుతోంది కూడా.

పని నేర్పింది మా ఆయన. రాజోలులో ఆయనకి మిషన్ ఉండేది. "మనిషిని నిటారుగా నిలబెట్టు, ఊపిరి వదలమను, అప్పుడు టేపు పెట్టు" అనేవాడు. ఆయన పోయాక జాకెట్లు కుట్టినా, గల్ఫుకి వెళ్లి అక్కడి ఆడవాళ్లు ఒళ్లంతా కప్పుకునే అబాయాలు కుట్టినా నాది అదే పద్ధతి.

షాపుకి హనాన్ అనే ఒమానీ పిల్ల వచ్చింది, వాళ్ల నాయనమ్మతో. నాయనమ్మని హబూబా అని పిలిచేది, మేమూ అలాగే పిలిచాం. హనాన్ సంచిలోంచి ఒక డ్రెస్సు తీసి బల్ల మీద వేసింది. తల నుంచి మడమ దాకా ఒకటే ముక్క, పాము కుబుసంలా పల్చగా ఉంది. బూట్ల కింద ఇనప బద్దలు పెట్టుకుని ఐసు మీద జారే పరుగుపందేలకి వేసుకునేదట. చేత్తో సాపు చేద్దామని చూశాను, సాపుగా పరుచుకోదే! వీపు దగ్గర పొంగుతుంది, పొట్ట దగ్గర ముడుచుకుంటుంది. వాడెవడో దొరగారి కటింగ్ పాడైందని మనసులో అనుకున్నాను.

గొడవేంటంటే, ఆ డ్రెస్సులో ఒంటి ఆకారమంతా తెలిసిపోతుంది. హబూబా ఒక షరతు పెట్టింది. "యా మరియమ్, తల వాళ్లే కప్పారు, వాళ్లకి దేవుడు మేలు చెయ్యాలి. నడుం నుంచి తొడ దాకా నువ్వు కప్పు. కప్పితే నా మనవరాలు పోటీకి వెళ్తుంది. లేకపోతే ఖలాస్, ఇంట్లో కూర్చుంటుంది." తండ్రి ఒప్పుకున్నా ఆ ఇంట్లో ఆఖరి మాట ఆవిడదే. అవతల కోచ్ ఫోన్‌లో ఇంకోటి చెప్పింది. పైన ఏం వేసినా ఒంటికి అంటుకునే ఉండాలి, రెపరెపలాడితే గాలి పట్టుకుని వెనక్కి లాగుతుంది, పోటీ పెద్దలు కూడా ఒప్పుకోరు అని. కప్పాలి, కానీ ఎగరకూడదు. పోటీ వేరే దేశంలో, ప్రయాణం చూస్తే వచ్చే వారమే.

సాగే గుడ్డ తెచ్చి, పిల్లని నిటారుగా నిలబెట్టి, ఊపిరి వదిలించి, తొడ దాకా చొక్కా కోశాను. ఉస్మాన్ భాయ్ అని మా కారీగర్ కుట్టాడు. అద్దం ముందు బ్రహ్మాండంగా ఉంది. హబూబా తల ఊపింది. "ఏదీ, పరిగెత్తేటప్పుడు ఎలా ఉంటావో చూపించు" అంది. హనాన్ వంగింది. వెనక చొక్కా జర్రున నడుం మీదకి ఎక్కేసింది, ముందు పొట్ట దగ్గర గోనెసంచిలా వేలాడింది. ఏది కప్పమందో అదే బయటపడింది. హబూబా నా మొహం చూసి, మనవరాలి మొహం చూసి, వెళ్లి కార్లో కూర్చుంది.

"ఖాలా, ఇంక నన్ను పంపరు" అని పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఖాలా అంటే పిన్ని.

"ఏడవకు. ముందు నువ్వు పరిగెత్తడం నేను చూడాలి" అన్నాను.

మర్నాడు మస్కట్‌లో ఐసు హాలుకి తీసుకెళ్లింది. బయట ఎండ, లోపల వణుకు. శాలువా కప్పుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఆ హాలు చిన్నది, అసలు పోటీ జరిగేది దీనికి ఎన్నో రెట్లు పెద్ద చోటట. పందెంలో ఇద్దరేసి ఆడపిల్లలు దిగుతారట, ఒకరు లోపలి దారి, ఒకరు బయటి దారి. లోపలి వంపు పొట్టిది కదా, అందుకని మధ్యలో దారులు మార్చుకుంటారు, అప్పుడు ఇద్దరికీ దూరం సమానం. అయిదొందల మీటర్లూ నిమిషంలోపే అయిపోతుంది.

నేను చూసింది మాత్రం ఆ పిల్ల నడుం. బయల్దేరిన దగ్గర్నించీ ఆగేదాకా ఒక్కసారి ఎత్తలేదు. నాట్లు వేసే మనిషిలా వంగే ఉంది. లేచి గట్టు దగ్గరికి వచ్చాక గొంతు కింది జిప్పు లాగింది.

"నిలబడితే ఈ డ్రెస్సు మెడ పట్టి కిందకి గుంజుతుంది ఖాలా. అందుకే అందరం ఆఖర్న జిప్పు తీస్తాం" అంది.

దొరగారి కటింగ్ పాడవలేదన్నమాట. ఆయన వంగిన మనిషిని కొలిచాడు. నేను నిలబడిన మనిషిని కొలిచాను.

అక్కడే వంగమని టేపు పెట్టాను. మెడ నుంచి తొడ వెనక దాకా వీపు ఎంత పొడుగు వచ్చిందో, ముందు అంత పొట్టి. అలాగే కోశాను. బల్ల మీద దాన్ని చూసి ఉస్మాన్ భాయ్ పగలబడి నవ్వాడు. "మరియమ్మా, ఇది చొక్కానా, తోకా? ఏ గుర్రానికి?"

"నోరు మూసుకుని కుట్టు భాయ్" అన్నాను.

హనాన్ వేసుకుని వంగితే ఎక్కడా ముడత లేదు. హబూబా చుట్టూ తిరిగి చూసింది. "ఇప్పుడు లే" అంది. లేస్తే వెనక తోక వేలాడింది, ముందు బొడ్డు కిందికే ఆగిపోయింది. "మరి పరుగయ్యాక?" అంది హబూబా. "అవగానే కోచ్ జాకెట్ ఇస్తుంది హబూబా" అంది పిల్ల. అలా ఒప్పుకుంది.

హనాన్ వాళ్లమ్మతో వెళ్లింది. పోటీ రోజు మధ్యాహ్నం హబూబా డ్రైవర్‌ని తీసుకుని షాపుకే వచ్చేసింది. "కుట్టినదానివి నువ్వు, నా పక్కన కూర్చుని చెప్పు" అంది. ఉస్మాన్ భాయ్ ఫోన్‌లో పోటీ పెట్టి మిషన్‌కి ఆనించాడు. హనాన్ బయటి దారిలో బయల్దేరింది. దారి మారేటప్పుడు పక్కపిల్ల ముందుకెళ్లిపోయింది, ఇంక అందలేదు. చొక్కా మాత్రం కదల్లేదు, నేను చూసింది అదే.

గీత దాటాక ఆ పక్కపిల్ల నిటారుగా లేచి, జిప్పు లాగి, జనానికి చెయ్యి ఊపింది. మన పిల్ల లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తల దించుకుని, వంగే జారుతోంది. కోచ్ ఎక్కడో అవతలి పక్క ఉంది. అక్కడిదాకా అలాగే పోతోంది.

హబూబా నా చెయ్యి పట్టుకుంది. "ఎందుకు లేవడం లేదు? దెబ్బ తగిలిందా?"

"లేదు హబూబా. లేస్తే ముందు పొట్టి కదా. మీకిచ్చిన మాట కోసం."

జాకెట్ అందాక పిల్ల లేచింది, అప్పుడు ఆవిడ నా చెయ్యి వదిలింది. కాసేపయ్యాక, పిల్లతో వెళ్లిన కోడలికి ఫోన్ కలపమంది. "రేపు ఇంకో పరుగుంది కదా. అయ్యాక నిలబడమను. ఓడిపోయి సిగ్గుతో తల దించుకుందని అనుకుంటారు జనం. ముందు పొట్టిగా ఉందని ఎవరేమన్నా జవాబు నేను చెప్పుకుంటాను."

రెండో రోజూ షాపులోనే చూశాం. హనాన్ గీత దాటింది, లేచింది, జిప్పు లాగింది, తోక వేలాడుతుంటే చెయ్యి ఊపుకుంటూ వెళ్లింది. ఉస్మాన్ భాయ్ నవ్వబోతే హబూబా ఉరిమి చూసింది.

ఆ తర్వాత నేనక్కడ ఉన్నన్నాళ్లూ కొలత తీసే పద్ధతి మార్చుకున్నాను. ఎవరొచ్చినా, ఇది వేసుకుని ఏం చేస్తావమ్మా అని అడిగేదాన్ని. ఆఫీసు పిల్లకి కుర్చీలో కూర్చోబెట్టి తీశాను, చంటిబిడ్డ తల్లికి బిడ్డని ఎత్తుకోమని తీశాను. నిలబెట్టి తీయడం మానలేదు. అది రెండో కొలత అయింది.