ముందు కహ్వా

అరబ్బుల ఊరు హాయిల్‌లో తన మట్టి మిద్దెను కొడుకులు హోటల్‌కిచ్చేశాక కూడా పెద్దాయన రోజూ వచ్చేవాడు. కౌంటర్‌లో నేను ఎవరి పాస్‌పోర్టు అందుకున్నా దానిమీద అరచేయి పెట్టేవాడు.

"ఇంటికొచ్చినవాణ్ణి మూడు రోజులదాకా పేరడగకూడదు. ముందు కహ్వా, మన అరబ్బు కాఫీ, ఇవ్వు."

అది అక్కడి పాత మర్యాద. పేరు లేనిదే నా కంప్యూటర్ గది ఇవ్వదు. వెనక వరుస పెరిగేది.

చివరికి మా కర్నూలు మేనేజరు, "అన్నా, బుకింగ్ లేనోళ్లని లోపలికి రానియ్యాకు. ఆయప్పనైనా సరే. పైనుంచి ఆర్డరు," అన్నాడు.

మర్నాడు గుమ్మంలోనే ఆపాను. "బాబా, బుకింగ్ ఉందా?"

"అంటే నేను అతిథినా?"

అవునన్నట్టు తలూపాను.

"అయితే మూడు రోజులు ఏమీ అడక్కు," అంటూ లోపలికి నడిచాడు. ఆ మూడు రోజులూ మేనేజరూ చూడనట్టే ఊరుకున్నాడు.

లెక్క ఆయనా తప్పలేదు. నాలుగో రోజు గుమ్మం బయటే ఆగి, నేను అడగకముందే తన పేరు, తండ్రి పేరు, తాత పేరు చెప్పి, లోపలికి పిలుస్తానేమోనని నిలబడ్డాడు.