పిడుగురాయుడు మా మామ

నిన్న మధ్యాహ్నం మా పక్కింటావిడ నూలు చీరలకు గంజి పెట్టి మేడమీద ఆరేసింది. ఆ పుల్లటి వెచ్చటి వాసన మెట్ల మీదుగా దిగి తిరుపతిలోని మా ఇరుకు వంటింట్లోకి వచ్చేసరికి, చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నేను నగరిలో మా అవ్వ వాళ్ల వీధికి వెళ్లిపోయాను.

వేసవి సెలవులన్నీ మాకు ఆ వీధిలోనే గడిచేవి. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు సాచి, ఆడవాళ్లు కుంచెలతో గంజి పట్టిస్తుంటే, ఆ దారాల కిందుగా దూరి పరుగెత్తి తిట్లు తినడం మా ఆట. పొద్దెక్కేకొద్దీ మగ్గాల చప్పుడు గోడల్లో నుంచి వచ్చి మాటలు వినబడనిచ్చేది కాదు, అందుకే ఆ వీధిలో అందరూ గట్టిగా మాట్లాడేవాళ్లు. రాగి సంగటిలో చెనక్కాయల ఊరిబిండి నంజుకుని, ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్కలు దోసిట్లో పట్టుకుని మేం ఎదురుచూసేది ఒక్క మనిషి కోసమే. ఆయన మా అమ్మ తమ్ముడు, సేకర్ మామ.

మామ మగ్గం నేసేవాడు. సన్నగా, బలంగా ఉండేవాడు. ఒక మిద్దె మీద నుంచి ఇంకో మిద్దె మీదికి పిల్లిలా దూకేవాడు. ఆ దూకుడు చూసే, మద్రాసు నుంచి వచ్చిన ఒక దర్శకుడు పిల్లల సినిమాలో పిడుగురాయుడి వేషం ఇచ్చాడు. ఆకాశం నుంచి దిగివచ్చి ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే వీరుడు. చంద్రగిరి కోట దగ్గర, నగరి కొండల్లో తీశారు. వీపున వేలాడే పసుపుపచ్చ గుడ్డ మామ తన మగ్గం మీదే నేసుకున్నాడు. గాలికి నిలబడాలని అవ్వ దానికి చిక్కటి గంజి పెట్టేది.

సినిమా మా ఊరి టాకీసులో కొన్నాళ్లు ఆడి పోయింది. దర్శకుడు మళ్లీ కనబడలేదు. కానీ మామ ఆ గుడ్డ విప్పలేదు.

మొదట్లో అందరికీ ముద్దుగానే ఉండేది. మగ్గం గుంతలో పాము దూరితే మామను పిలిచేవాళ్లు, పట్టుకుపోయి కొండలో వదిలేవాడు. ఒక ఇంట్లో పొయ్యి నుంచి నిప్పంటుకుంటే తడి గోతాం కప్పుకుని లోపలికి పోయి, ఉయ్యాలలోని బిడ్డను ఎత్తుకొచ్చాడు. ఆ బిడ్డ తల్లి వీధిలోనే ఆయన కాళ్ల మీద పడింది. ఆ రోజు నుంచి మామ చూపు మారింది. మగ్గం ఎక్కడం మానేసి, మిద్దె అంచున నిలబడి ఊరంతా చూస్తుండేవాడు. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు.

"గంగజాతరలో యేసం కట్టినోడు గూడా సాయంత్రానికి కడుక్కుంటాడు గదరా! సేకరా, అన్నం సల్లారిపోతాండాది, దిగి రారా," అని అవ్వ కిందనుంచి పిలిచేది.

"ఆ పేరుగల మనిసి ఈడ లేడు," అనేవాడు మామ, కోపం లేకుండా.

ఒకనాడు అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, "పిడుగురాయుడా, నువ్వన్నా వచ్చి రెండు ముద్దలు తినిపో నాయనా," అంది. మామ వెంటనే దిగి వచ్చాడు. తర్వాత ఆ ఇంట్లో ఇంకో పేరు వినబడలేదు.

ఆ యేడు ముసురు వానలకు కుశస్థలి ఏరు పొంగింది. పాలు పోసే మునెమ్మ ఏరు దాటబోయి, తెగిన వంతెన దిమ్మె మీద చిక్కుకుపోయింది. ఒడ్డున జనం. ఎవరో "పిడుగురాయుడా!" అని కేకేశారు. కొందరు నవ్వుతూ, కొందరు ఏడుస్తూ అందరూ అదే కేక అందుకున్నారు. మామ గుడ్డ ముడి బిగించుకుని దూకాడు. పసుపుపచ్చ రంగు ఒక్కసారి నీళ్లమీద పరుచుకుని మునిగిపోయింది.

మునెమ్మను అవతలి ఒడ్డువాళ్లు తాడేసి లాగారు. మామ దిగువన బండరాళ్ల మధ్య దొరికాడు, నడుం విరిగి. ఆసుపత్రిలో కళ్లు తెరిచి, "మునెమ్మ?" అన్నాడు.

"బతికింది. తాడేసి లాగినారు," అన్నాడు మా నాయన.

మామ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

కాళ్లు మళ్లీ రాలేదు. సేకరా అని పిలిస్తే ఇప్పుడు పలికేవాడు. ఆ పలుకు వినడానికే అన్నాళ్లు కొట్టుకులాడిన అవ్వ, అది విని కొంగు నోట్లో కుక్కుకుని దొడ్లోకి పోయేది.

అవ్వ పోయాక మామను మా ఇంటికి తెచ్చుకున్నాను. నగరిలో ఇప్పుడు వీధిలో పడుగు సాచేవాళ్లు లేరు. టాకీసు పడగొట్టారు. ఆ సినిమా కోసం ఫోనులో ఎంత వెతికినా ఒక్క బొమ్మ కూడా దొరకలేదు. మాతోపాటు మామ వెంట పరుగెత్తిన పిల్లలు ఫ్యాక్టరీ బస్సులెక్కి తలో దిక్కు పోయారు.

మొన్నటి వానకు మా వెనక వీధిలో ఒక ఇంటి గోడ కూలి మనుషులు లోపల చిక్కుకున్నారు. ఫైరింజను వచ్చింది, జనం అరిచారు. నేను వెళ్లి చూసి వచ్చేసరికి మామ మోచేతుల మీద సగం లేచి, మంచం పట్టీ పట్టుకుని ఉన్నాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

"అందురూ బయటికొచ్చినారు మామా, పడుకో," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"నన్నెవురూ పిలవలేదే," అన్నాడు.