అక్క గుమ్మం దాకా అన్నతో

మీరు మాట్లాడటం మానేసిన మనిషి ఎవరు? పేరు నాకు చెప్పనక్కర్లేదు. ఒకరు గుర్తొచ్చారు కదా? అయితే ఇది మీకోసమే. టెక్సస్‌లో మా ఇర్వింగ్ ఊరి ప్రార్థన కూడికలో కీబోర్డు వాయించే అన్న పోయిన వారం ప్రభువునందు నిద్రించారు. గుండె ఆగిపోయింది. ఆయన గురించి ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను, నవ్వు వస్తోంది. ఆయన అలాంటి మనిషి.

నేను వేదాంత పాఠశాల మెట్లెక్కినవాణ్ణి కాను. వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, హైవే మీద కారులో వాక్యం వినడం, ఆదివారం అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో దాన్ని గొంతు చించుకుని చెప్పడం, ఇదీ నా పరిచర్య. నేను గంట దాటించానంటే అన్న చివరి పాట మెల్లగా మొదలుపెట్టేవారు. నేను గొంతు పెంచితే ఆయన కీబోర్డు వాల్యూమ్ పెంచేవారు. తర్వాత కాఫీ కలుపుతూ, "కొండమీద ప్రసంగాన్ని ప్రభువు కూడా ఎక్కడో ఒకచోట ఆపాడు తమ్ముడూ" అనేవారు.

కిందటేడు వసంతంలో ఒకరోజు ఫోన్ చేశారు.

"ఆమ్‌స్టర్‌డామ్‌కి టికెట్లు బుక్ చేసేశా. నీక్కూడా. లీవ్ పెట్టు."

"ఇద్దరు మగాళ్లం తులిప్ పూలు చూడ్డానికా అన్నా?"

"అవును. ఒక్కటే కండిషన్. అక్కడున్నన్నాళ్లూ ప్రసంగం చెయ్యకూడదు. మొదలుపెట్టావో, నా బ్యాగ్ నువ్వు మొయ్యాలి."

దిగిన రోజే బ్యాగ్ నా భుజానికెక్కింది. ఆకాశాన్ని గుచ్చుతున్నట్టున్న పాత చర్చి శిఖరం చూసి, "అన్నా, దేవుడు రాతి గోడల్లో కాదు..." అన్నానో లేదో, బ్యాగ్ వచ్చి పడింది. గాలిమర దగ్గర, ఆత్మ గాలిలాంటిదని నోరు తెరిచాను. ఈసారి ఆయన కోటు కూడా వచ్చింది.

ఎర్రగా, చక్కగా ఉందని ఒక దారి మధ్యలో నిలబడి ఫొటోలు తీసుకున్నాం. అది సైకిళ్ల దారి అని మాకేం తెలుసు? టెక్సస్‌లో లారీల మధ్య ఒంటిచేత్తో డ్రైవ్ చేసే అన్న, ముందు బుట్టలో పిల్లను కూర్చోబెట్టుకున్న ఒక తల్లి గంట కొట్టగానే గెంతి గోడకు అతుక్కున్నారు. అక్కడి బంగాళాదుంప వేపుడు మీద తెల్లటి మయోనైజ్ పోసిస్తారు. అన్న జేబులోంచి మాత్రల డబ్బా తీశారు. మందు వేసుకుంటారేమో అనుకున్నాను. అందులో కారప్పొడి! "లోకానికి ఉప్పయి ఉండమన్నాడు ప్రభువు. కారం సంగతి మనకే వదిలేశాడు" అని ధారాళంగా చల్లారు.

రెండో రోజు మధ్యాహ్నం కాలువ ఒడ్డున ఒక సన్నటి ఇటుక ఇంటి ముందు ఆగిపోయారు. బెల్ వైపు చూశారు గానీ చెయ్యి ఎత్తలేదు.

"మా అక్క ఇల్లు" అన్నారు.

ఆవిడ అక్కడ నర్సు. వాళ్లింట్లో అందరికీ పసితనంలోనే చిలకరింపు బాప్తిస్మం. అన్న కుర్రతనంలో ఒక బోధకుడి మాటలకు ఊగిపోయి, ఏటికి వెళ్లి మునక బాప్తిస్మం తీసుకుని, తడి బట్టలతోనే ఇంటికొచ్చి, "నీ నెత్తిన జల్లిన నీళ్లు లెక్కలోకి రావు. నువ్వు పరలోకం చూడవు" అని అక్కతో అనేశారట. "నా గుమ్మం తొక్కకు" అందట ఆవిడ. అంతే. తర్వాత ఆవిడ ఆ దేశం, ఈయన టెక్సస్. మాటల్లేకుండానే ఇద్దరికీ జుట్టు నెరిసింది.

"హార్ట్ వీక్ అన్నాడు డాక్టర్. అక్కతో మాట్లాడకుండానే పోతానేమోనని భయంగా ఉంది తమ్ముడూ."

తప్పిపోయిన కుమారుడి కథ నా నాలుక చివరికి వచ్చేసింది. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్న మాట కూడా దాని వెనకే వచ్చింది. అన్న చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దు. వాక్యం నాకూ తెలుసు. కాళ్లే కదలట్లేదు. పక్కన నిలబడు, చాలు."

నిలబడ్డాను. ఆయన బెల్ కొట్టారు.

చేతులకు చపాతీ పిండితో ఒక పెద్దావిడ తలుపు తీసింది. చూసింది. చూస్తూనే ఉంది.

"ఇంత లావయ్యావేంట్రా?"

"నువ్వేమన్నా తగ్గావా అక్కా?"

"ఈయనెవరు?"

"మా దగ్గర వాక్యం చెబుతాడు."

"ఓరి దేవుడా! మళ్లీ బోధకుణ్ణి వెంటేసుకొచ్చావా?"

నేను గబగబా నోటి మీద వేలేసుకున్నాను. ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే పిండి చేత్తో తమ్ముడి చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. చపాతీలు మాడిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు ఆవిడే మమ్మల్ని పడవెక్కించింది. వంతెన కింద ఎదురొచ్చిన ఇంకో పడవ లేపిన అల, ఎగిరి సరిగ్గా అన్న నెత్తిన పడింది.

"ఇదిగో, నీకూ చిలకరింపు అయిపోయింది" అంది అక్క.

"ఇంకాస్త వంగు, నీకు మునక కూడా అయిపోతుంది!"

ఒకరి భుజం ఒకరు చరుచుకుంటూ, పక్కవాళ్లు తిరిగి చూసేలా నవ్వారు. బాప్తిస్మం గురించి నేనెన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. ఆ పడవలో నన్నెవరూ ఏమీ అడగలేదు. దేవునికి స్తోత్రం!

తిరిగొచ్చాక అన్న రోజూ ఆఫీసుకి డ్రైవ్ చేస్తూ అక్కతో మాట్లాడేవారు. సగం రోజులు చేపల పులుసులో చింతపండు ఎంత వెయ్యాలన్న దాని మీద పోట్లాటే. ఆ పోట్లాటలో ఎంత సంతోషం ఉండేదో పక్క సీట్లో కూర్చుని విన్నవాణ్ణి నేను.

శనివారం భూస్థాపనకు ఆవిడ వచ్చింది. మా వదిన పక్కన, మొదటి వరసలో కూర్చుంది. ఆవిడ ఎవరని అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పెట్టె మూసే ముందు లేచి వెళ్లి, తమ్ముడి జుట్టు వేళ్లతో దువ్వి, పాపిడి సరిచేసింది. "ఎడమవైపు తియ్యాలి. స్కూలుకి నేనే దువ్వేదాన్ని" అంది వదినతో. అన్న ముఖం ఒక్కసారిగా బడికి బయల్దేరిన పిల్లాడి ముఖమైపోయింది.

వినండి! అన్న కాలువ ఒడ్డున వెనక్కి తిరిగి ఉంటే, ఆ చెయ్యి ఆ జుట్టును మళ్లీ తాకేది కాదు. మీరింకా ఎందుకు ఆగుతున్నారు? ఎవరు ముందు మాట్లాడాలన్న లెక్క పరలోకంలో ఎవరూ చూడరు. పొద్దు గుంకేలోగా కోపం దించుకోమంది వాక్యం. బయట ఇంకా వెలుతురుంది. ఇది చదవడం ఆపండి, ఫోన్ చెయ్యండి. దగ్గరలోనే ఉంటే కారు తీయండి. రేపు కాదు, ఇవాళే, ఇప్పుడే.