పార్కులో చెలమ

మా కాలనీ పార్కులో అడుగుపెట్టక ఇవాళ్టికి అయిదు రోజులు. వాకింగ్ మానేశావా అని అడక్కండి. మానలేదు, డాబా మీద పచార్లు చేస్తున్నాను. ఎందుకంటారా? పోయిన బుధవారం నేను చేసిన ఘనకార్యం చూడ్డానికి మూడు వీధుల వాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చారు! ఉండండి, మొదట్నించీ చెప్తాను.

నేను పుట్టి పెరిగింది చీరాల పక్కన వాడరేవులో. గడప దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. మా ఆయన ఆర్టీసీ కండక్టరు. డిపో మారి మార్కాపురం వచ్చి మూడేళ్ళయింది. ఊరు మంచిదే, మనుషులు ఇంకా మంచివాళ్ళు. కానీ సాయంత్రం అయిదయితే చాలు, నా కాళ్ళు ఒకచోట నిలవవు. మా ఊళ్ళో ఆ వేళకి గాలి తిరిగేది. చెప్పులు ఇంట్లో వదిలేసి ఒడ్డుకి పరుగే పరుగు! ఇక్కడ ఆ వేళకి వచ్చేది వేడిగాలి. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే జాకెట్టు సాగదు. లేచి నిలబడితే ఏం చెయ్యాలో తోచదు. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతుంటాను. "నువ్వు కూర్చోవు, నన్ను కూర్చోనివ్వవు, ఆ పార్కుకన్నా పోరాదూ" అని మా ఆయనే తరిమాడు.

పార్కంటే పెద్దదేం కాదు. రెండు ఉయ్యాలలు, ఒకదానికి గొలుసు లేదు. నోరు తెరిచిన సిమెంటు చేప ఒకటి. ఫౌంటెన్ కోసం కట్టారట గానీ, దాని నోట్లోంచి ఇంతవరకు చుక్క రాలలేదు. జారుడుబండ కింద మాత్రం ట్రాక్టరు లోడు ఇసుక పోశారు. నాకు అదే వాడరేవు! రోజూ అందులో కాళ్ళు దూర్చుకుని కూర్చుంటాను.

నాకు తోడు ఇద్దరు. పక్కింటి సుశీలత్త, పొలంలో మూడు బోర్లు వేయించి మూడూ ఎండిపోయిన మనిషి. రెండో ఆవిడ మేరీ వదిన. మిరపకోతల నుంచి వచ్చి కాసేపు మా పక్కన నడుం వాలుస్తుంది. నేను వాళ్ళకి మూడేళ్ళుగా సముద్రం కథలు చెప్తున్నాను. తుఫానుకి పడవ మా పెరట్లోకి వచ్చిందంటే విన్నారు. పీతల్ని జడ రిబ్బనుతో కట్టి ఆడించామంటే నవ్వారు. గొడవంతా చెలమ దగ్గరొచ్చింది.

"ఒడ్డు మీద ఇసుకలో మోచెయ్యి లోతు తవ్వితే చాలత్తా, తియ్యటి నీళ్ళు ఊరతాయి. మా అమ్మమ్మ కొబ్బరిచిప్పతో తవ్వేది. అందరం అవే తాగేవాళ్ళం" అన్నాను.

సుశీలత్త తమలపాకు నమలడం ఆపేసింది. "ఉప్పు సముద్రం పక్కన తియ్యని నీళ్ళా? ఏంది అమ్మాయ్, మేము ఎర్రోళ్ళ మాదిరి కనపడతన్నామా? వెయ్యి అడుగులు దించితే నాకు దుమ్ము వచ్చింది. మీ అమ్మమ్మ చిప్పతో నీళ్ళు తెప్పించినాదా?"

"అత్త బోర్లు మూడూ ఎండిపోయినాయి. నీ బోరు మాత్రం రోజూ కొడతానే ఉంది వదినా" అంది మేరీ వదిన.

పార్కంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల మండిపోయింది. పీతల్ని నమ్మకపోతే పోనీ. చెలమ అబద్ధమంటే మా అమ్మమ్మ అబద్ధాలకోరు అన్నట్టే కదా! ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఇక బుధవారం. ఎప్పట్లాగే చెప్పులు విప్పి ఇసుకలో కాళ్ళు పెట్టాను. చేప పక్కన మూల చల్లగా తగిలింది. చూస్తే తడి! వాన పడి నెలలయింది, తడి ఎక్కణ్ణించి వస్తుంది? ఒళ్ళు జల్లుమంది.

"అత్తా! ఇక్కడ నీళ్ళున్నాయి!"

"నీళ్ళు పడితే నిన్ను ట్రాక్టరెక్కించి ఊరేగిస్తా, తవ్వు" అంది అత్త.

కొంగు బిగించాను. మొదట చేతుల్తో, తర్వాత మేరీ వదిన టిఫిన్ బాక్సు మూతతో. మోచెయ్యి లోతు కూడా పోలేదు, నీళ్ళు ఊరాయండీ! తేటపడేదాకా ఆగి దోసిట్లో పట్టి తాగాను. తియ్యగా, చల్లగా! అత్త తాగింది. వదిన తాగింది.

"ప్రభువా" అంది వదిన.

సుశీలత్త నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, మా చేలో గూడా చూస్తావా? యాడ తవ్వమంటే ఆడ తవ్విస్తా."

ఆ మాటతో నాకు గర్వం తలకెక్కింది. "రేపే వస్తానత్తా. చెప్పుల్లేకుండా ఒక చుట్టు తిరిగితే చాలు, నా కాళ్ళే చెప్తాయి" అన్నాను. అంతటితో ఊరుకుని ఉంటే ఎంత బావుండేది! ఊరుకుంటే నేనెందుకవుతాను? "ఊట ఇంకా కింద ఉంది, దాని కన్ను తెరవాలి" అంటూ తోటమాలి వదిలేసిన గునపం తీసి ఒక్క పోటు పొడిచాను.

టప్పుమంది. నీళ్ళు నిలువెత్తున లేచాయి! ఇన్నేళ్ళకి ఆ సిమెంటు చేప మొదటిసారి తలంటుకుంది. "ఊట పడింది! ఊట పడింది!" అని నేను గంతులు. ఎవరో "గంగమ్మ తల్లీ" అంటూ పసుపు కుంకుమల కోసం ఇంటికి పరిగెత్తారు.

సుశీలత్త మాత్రం తడిసిన కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"అమ్మాయ్, మీ సముద్రంలో బ్లీచింగ్ కలుపుతారా ఏంది?"

గునపం వంక చూశాను. దాని మొనకి నీలం పైపు ముక్క.

సరిగ్గా అప్పుడే పార్కు వెనక వీధిలోంచి కేక. "అక్కా, కుళాయి ఆగిపోయింది!" పక్క వీధిలోంచి ఇంకో కేక. నాలుగు రోజులకోసారి వచ్చే మంచినీళ్ళండీ అవి! గుంటలో కూలబడి పైపు కంతకి రెండు చేతులూ అడ్డం పెట్టాను. నీళ్ళు నా మొహాన కొడుతున్నాయి. చుట్టూ ఖాళీ బిందెలు మోగుతున్నాయి. "చేతులు తియ్యక్కా, పట్టుకుంటాం" అని కొందరు, "తియ్యొద్దు, మా వీధికి పోవాల" అని కొందరు.

డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే మా ఆయన వచ్చాడు. నన్ను చూశాడు. జనం వైపు తిరిగి అలవాటుగా మొదలుపెట్టాడు, "లైన్లో రండి, లైన్లో! నిండినవాళ్ళు ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి!"

చివరికి మునిసిపాలిటీ ఫిట్టర్ వచ్చి వాల్వు కట్టేశాడు. "ఎవరు పొడిచినారు?" అన్నాడు. ఎన్ని వేళ్ళు నా వైపు లేచాయో! తల వంచుకుని చెలమ సంగతి చెప్పాను. అతను తల పట్టుకున్నాడు. "ఈడ ఏదో కారతాందని మాకూ అనుమానమే. అయితే మాత్రం, లీకు కనుక్కునేదానికి పైపు పగలగొడతారా అక్కా?"

మర్నాడు మధ్యాహ్నానికి నీళ్ళు వచ్చాయి. నేను మాత్రం గడప దాటలేదు. నిన్న సుశీలత్తే మా ఇంటికొచ్చింది. ఆవిడ మొహం చూడలేకపోయాను. చేలో నీళ్ళు చూపిస్తానని ఆశ పెట్టింది నేనే కదా. క్షమించమన్నాను.

"పోనీలే. నాలుగో బోరు ఖర్చు తప్పించినావు. ఎండాకాలం అయిపోయే లోపల మమ్మల్ని మీ ఊరు తీసకపో. మీ అమ్మమ్మ చెలమ నేను చూడాల" అంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నమ్మావా అత్తా?"

"తాగినాక చెప్తా. గునపం మాత్రం ఈడ్నే పెట్టి రా. సముద్రం పగిలితే దాని వాల్వు యాడుందో మా ఫిట్టరుకు తెలవదు."

పార్కులో నా గురించి ఏమనుకుంటున్నారని మేరీ వదినకి ఫోన్ చేశాను. గౌరవం పెరిగిందట! మొన్నటిదాకా నన్ను చూస్తే "బోరు కొట్టే అక్క వస్తాంది" అనేవాళ్ళు. ఇప్పుడు "బోరు వేసే అక్క" అంటున్నారు.