మూడు వేళ్ల జాగా

ఆమె ఆ జాగాలో చివరికి ఏం రాసింది? తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఆమె ఉన్నన్నాళ్లూ అడగలేదు. మొన్న మంగళవారం పొద్దున ఆమె మనవరాలు ఎస్తేరు నాచారం నుంచి సైకిలు తొక్కుకుంటూ ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చి, గేటు కూడా తీయకుండా బయటే నిలబడి, "అత్తా, నాయినమ్మ పోయింది" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇంక అడగడానికి లేదే, అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడుతూనే చెప్పులేసుకున్నాను.

ఆమె మాకు బంధువు కాదు. నాచారంలో మేం అద్దెకున్నప్పుడు పక్క పోర్షను వాళ్లు. వాడంతా టీచరమ్మ అనేది. మెదక్ వైపు ఒక పల్లెలో చర్చివాళ్ల చిన్న బడిలో ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు చెప్పి, భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. నేను మొదట్లో మా తెనాలి అలవాటు కొద్దీ "టీచరమ్మగారూ" అని పిలిచేదాన్ని. "గారు దీసెయ్ బిడ్డా. నువ్వు గంత పొడుగు పేరు విలిచేటాలకు పొయ్యి మీద పాలు పొంగుతయ్" అంది. అందుకే ఇక్కడ కూడా గారు లేకుండానే రాస్తున్నాను. మీరు తప్పుగా అనుకోవద్దు.

వరసగా ఆరు పోర్షన్లు, ముందు ఉమ్మడి వరండా. ఒక్కో పోర్షనుకు ఒక గది, ఒక వంటిల్లు. అరవై తొమ్మిది మొదట్లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలై బళ్లు మూతపడ్డాయి. వారం అనుకున్నాం, నెలలు గడిచాయి. సుధకు తొమ్మిదేళ్లు, బుజ్జికి ఆరు. ఇంట్లోనే చెబుదామని కూర్చున్నాను. చరిత్రలో ఎం.ఏ. చదివినదాన్ని. తీరా చూస్తే మా సుధ అశోకుణ్ణి తాతగారి తరంవాడనుకుంటోంది. బుజ్జి అయితే "నువ్వు పుట్టాక వచ్చాడా, ముందా?" అన్నాడు.

కాలం ఎంత పొడుగో కళ్లకు కనిపిస్తే గానీ లాభం లేదనిపించింది. పాత న్యూస్ పేపర్లు పట్టీలుగా కత్తిరించి గోడకు అంటించబోయాను. గోడ పాడవుతుందని ఇంటి ఓనరు గొడవ. సరే, దారం కట్టి వేలాడదీశాను. తలుపు దగ్గర మా కాలం మొదలుపెడితే కిటికీ దగ్గరికి వచ్చేసరికి అక్బరుతోనే గోడ అయిపోయింది. మూల తిరిగి వంటింట్లోకి పోతే బుద్ధుడు కిరసనాయిలు స్టవ్వు మీద పడ్డాడు.

"అమ్మా, బుద్ధుడికి మసి పడుతుందే" అన్నాడు బుజ్జి.

గోడ అవతల నుంచి టీచరమ్మ నవ్వు వినిపించింది. "బిడ్డా, గోడ సాలనప్పుడు గోడనే ఎందుకు వట్టుకున్నవ్?"

మర్నాడు చూస్తే వరండాలో తన మంచానికి అల్లిన నవారు పట్టీ విప్పుతోంది. మీలో నవారు మంచం విప్పినవాళ్లకు తెలుస్తుంది, చూడ్డానికి నాలుగు మూరల మంచం, విప్పితే వీధి పొడుగునా వస్తుంది. "ఎట్లైన ఉతకాలె గదా" అంది. ఉతికి ఆరేసింది. చివరి అంచు మన కాలం, అక్కణ్ణుంచి వెనక్కి మూరకు నూరేళ్లు. పని ఉన్నంత సేపు వరండాలో పరచడం, పని అయ్యాక చుట్ట చుట్టి తలుపు వెనక పెట్టడం. మా గదిలో జాగా లేదన్న బాధ తీరింది. ఆమె మాత్రం ఆ మోకాళ్ల నొప్పులతో నేల మీద చాప వేసుకుని పడుకుంది. అది నాకు తెలుసు. తెలిసీ వద్దనలేదు.

మొదటిసారి కొలిచింది బుజ్జి. వాడి మూర ఎంత? బుద్ధుడు చాలా దగ్గరికి వచ్చేశాడు. సుధ కొలిస్తే ఇంకొంచెం వెనక్కి పోయాడు. ఎస్తేరు తన మూరే సరైనదని గొడవపడింది. "ఎవరి చెయ్యైతేంది, ఒక్కరిదే ఉండాలె" అని టీచరమ్మ తన చేత్తో ఇరవై అయిదు మూరలు కొలిచి అక్కడ బుద్ధుణ్ణి నిలబెట్టింది. అవతల ఇంకా బోలెడు నవారు మిగిలింది.

"దాంట్లో ఏం రాద్దాం?" అంది సుధ.

"తెల్వని కాలం అది. తెల్వనిది తెల్వనట్టే ఉండనియ్యాలె. పూలు గీయకున్రి దాని మీద."

క్రీస్తు పూర్వం ఏళ్లు వెనక్కి ఎందుకు నడుస్తాయో బుజ్జికి అర్థం కాలేదు. "వాళ్లు ఇవాళ అయిదొందలు, వచ్చే ఏడు నాలుగొందల తొంభై తొమ్మిది అనుకునేవాళ్లా?"

"ఆయన వస్తడని వాళ్లకేం ఎరుక బిడ్డా? అన్ని అయినంక మనం లెక్కవెడుతున్నం."

పిల్లలు ముందు పెన్సిల్‌తో రాసేవారు. ముగ్గురూ ఒప్పుకున్నాక టీచరమ్మ దాని మీద చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసంతో దిద్దేది. చర్మానికి తగిలితే పొక్కుతుంది గనక పిల్లల్ని ముట్టనిచ్చేది కాదు. పెన్సిల్ ఉతికితే పోతుంది, జీడి పోదు. చీపురుపుల్ల ముంచే ముందు ప్రతిసారీ కళ్లద్దాల మీదుగా ముగ్గురి మొహాలూ చూసి, "ఖాయమేనా?" అని అడిగేది. రాజులకు ఎక్కువ జాగా ఇచ్చేది కాదు. తన ఊళ్లో బావులు ఎండిన ఏడూ ఆ నవారు మీదికి ఎక్కింది, వాళ్ల నాయన బడికి కప్పు వేసిన ఏడూ ఎక్కింది. ఇరుకైపోతోందని నేనంటే, "జాగ సాలకపోతే మాటలు తక్కువ జెయ్యి, మనుషులను గాదు" అనేది.

ఇలా వచ్చి వచ్చి చివరి అంచుకు చేరాం. మూరకు నూరేళ్లయితే, రాష్ట్రం ఏర్పడిన యాభై ఆరు నుంచి మేం కూర్చున్న అరవై తొమ్మిది దాకా పదమూడేళ్లకు వచ్చేది ఎంత? టీచరమ్మ చెయ్యి ఆనించి చూపించింది. మూడు వేళ్లు. బయట రోడ్డు మీద బస్సులు ఆగిపోయిందీ, నినాదాలు వినిపిస్తుంటే నేను కిటికీ మూసుకున్నదీ, అంతా ఆ మూడు వేళ్లలోనే ఉంది. ఒక్క మాట కంటే పట్టదు.

సుధ "కలిశాం" అని రాసింది.

ఎస్తేరు తొంగిచూసింది. "కలిశాం గాదే, కలిపిన్రు. మా బాపు జెప్పిండు."

"ఎవరు కలిపారు?"

"మీరే."

"నేనప్పటికి పుట్టనే లేదు!"

"నేను గూడ వుట్టలే. అయినా కలిపిన్రు."

రబ్బరు కోసం ఇద్దరూ కొట్టుకున్నారు. బుజ్జి మధ్యలో దూరి, "ఒకటి ముందు రాసి, ఒకటి వెనక రాయండి" అన్నాడు.

"ఎవరిది ఎనక వెడదాం?" అని అడిగింది టీచరమ్మ.

ఎస్తేరు వాళ్ల నాన్న ఏడేళ్లుగా ఒక కంపెనీలో టెంపరరీ. బయటి నుంచి వచ్చినవాళ్లు తన కళ్లముందే పర్మనెంటు అవుతున్నారు, తను కాలేదు. మావారు పనిచేసేది ఆ కంపెనీ కాదు. కానీ బయటి నుంచి వచ్చినవాళ్లలో మేమూ ఉన్నాం కదా. ఆ వరసలో కోస్తావాళ్లం మేం ఒక్కరమే. "వదినా" అని నోరారా పిలిచే మనిషి ఆ నెలల్లో తల వంచుకుని పోయేవాడు. మావారు అప్పటికే ట్రంకుపెట్టె కిందికి దించారు. పిల్లల్ని తీసుకుని తెనాలి వెళ్లిపొమ్మని రోజూ పోరు. నేను వెళ్లనన్నాను. నవారు పని సగంలో ఉందని సాకు. నిజానికి ఆ ముగ్గురు పిల్లలూ ఒక్క పట్టీ మీద కూర్చున్నంత కాలం మాకేం కాదని ఒక మొండి నమ్మకం. అందుకే వాళ్ల కొట్లాట చూస్తే భయమేసింది.

ఆ సాయంత్రం నేనే పెన్సిల్ తీసుకుని, ఇద్దరి మాటలూ చెరిపేసి, అందంగా "విలీనం" అని రాశాను. పుస్తకాల్లో ఉండే మాట, ఎవరినీ నొప్పించదు అనుకున్నాను.

టీచరమ్మ నవారు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "మంచిగనే ఉంది బిడ్డా. గని దీంట్ల ఎవ్వరు లేరు గదా."

"అంటే?"

"సుధ మాటల మనమున్నం. ఎస్తేరు మాటల ఇంకెవరో ఉన్నరు. నీ మాటల మనిషే లేడు. ఎవ్వరు జెయ్యకుంటనే అయ్యిందా?"

ఆమె కొడుకు అప్పుడే లోపలికి వస్తూ ఆగాడు. "అమ్మా, నువ్వు పండుకునే నవారు మీద గిదంత ఏంది? పండుకుంటె కుచ్చుకోదా?" అన్నాడు. మళ్లీ, నా వైపు చూడకుండానే, "ఎవరి మాటన్న రాసుకో. గని నా కడుపు గాలింది గూడ అండ్ల ఉండాలె" అని లోపలికి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు ఆ జాగా నా పెన్సిల్ మాటతో అలాగే ఉంది. అయిదో రోజు మధ్యాహ్నం మా సందులోకి ఒక గుంపు వచ్చింది. "ఇండ్ల ఆంధ్రోళ్ల ఇల్లేది?" అన్న మాట స్పష్టంగా విన్నాను. మావారు డ్యూటీలో ఉన్నారు. టీచరమ్మ ముగ్గురు పిల్లల్నీ మా గదిలోకి నెట్టి, తను గడప మీద కూర్చుంది. ఒడిలో నవారు చుట్ట. ఆమె కొడుకు వరండా దిగి వాళ్లకు ఎదురుపోయాడు. ఏదో చెప్పాడు. తలుపు సందులోంచి అతని వీపు కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు. ఒకడు మా తలుపు వైపు వేలు చూపించాడు. అతను తల ఊపాడు. అవునని ఊపాడో, వద్దని ఊపాడో తెలియలేదు. కాసేపటికి వాళ్లు వెళ్లిపోయారు.

మమ్మల్ని కాపాడాడా, లేక "రేపటికి పోతున్నరు లే" అన్నాడా? ఏమైతేనేం, మర్నాడు పొద్దున మేం బయలుదేరాం. ఊళ్లోకి పోయి సికింద్రాబాద్‌లో రైలెక్కే ధైర్యం లేక జట్కా మాట్లాడుకుని ఘట్‌కేసర్ స్టేషను దారి పట్టాం. జట్కా కదలబోతుంటే టీచరమ్మ వచ్చింది. చేతిలో నవారు చివరి అంచు, పెన్సిలు.

"ఖాయం మాట రాసి పో బిడ్డా."

"వచ్చాక రాద్దాంలే టీచరమ్మా."

ఆమె కొంగు ముడి విప్పి అందులో ఎప్పుడూ ఉండే సుద్దముక్కల్లోంచి ఒకటి తీసి బుజ్జి చేతిలో పెట్టింది.

వానలు మొదలయ్యాక తిరిగొచ్చాం. నవారు మళ్లీ మంచమైపోయింది. ఆమె సాసరులో టీ పోసి ఇచ్చి, "కూసో. పైలం, బుద్ధుని మీద కూసుంటున్నవ్" అని నవ్వింది. అక్కడక్కడ జీడి గుర్తులు కనిపించాయి, ఒక రాజు కాలు, సగం బావి. చివరి అంచు ఎక్కడుందో కనిపించలేదు. అడగొచ్చు. అడిగితే నేను రాయకుండా పోయిన సంగతి కూడా వస్తుంది. టీ తాగి లేచాను. ఉప్పల్‌కు మారేదాకా ఆ మంచం మీద ఎన్నిసార్లు కూర్చున్నానో! సుధకు టైఫాయిడ్ వచ్చినప్పుడు దాన్ని ఆ మంచం మీదే పడుకోబెట్టి రాత్రీపగలూ చూసింది. బుజ్జికి ఎక్కాలు ఆ మంచం మీదే వచ్చాయి. ఆమె కొడుకు మళ్లీ "వదినా" అన్నాడు. ఆనాడు గుంపుతో ఏమన్నాడో అతన్నీ నేను అడగలేదు.

సమాధి అయిన మూడో రోజు మళ్లీ నాచారం వెళ్లాను. సుధకు ఫోను చేసి చెబితే, హాస్టల్ నుంచి అది అడిగిన మొదటి మాట, "నవారు ఉందా అమ్మా?"

ఉంది. మనిషి పోయిన మంచమని ఉతకడానికి వరండాలోకి తెచ్చారు. ఆమె కొడుకు కాళ్ల వైపు కూర్చుని ముడి కోసం వెతుకుతున్నాడు. అతని జుట్టూ నెరిసింది. "అయ్యాల మీరు పోయినంక అల్లింది నేనే వదినా. ముడి మాత్రం అమ్మనే ఏసింది. నన్ను ముట్టనియ్యలే" అన్నాడు. తర్వాత బిగించినప్పుడల్లా తలాపు వైపు నుంచే బిగించాడట.

ముడి దొరికింది. మంచం పట్టెకు రెండు చుట్లు తిప్పి, అంచు లోపలికి మడిచి కట్టింది. తొమ్మిదేళ్ల బరువుకు బిగుసుకుని చెక్కలా అయింది. ఆ మడతలోనే ఉంది మూడు వేళ్ల జాగా. నా పెన్సిల్ మాట మళ్లీ అల్లే ముందు ఉతికినప్పుడే పోయి ఉంటుంది. ఉంటే జీడి మాట ఉండాలి, లేదా ఏమీ ఉండకూడదు.

"కలిపిన్రు" అని ఉంటే ఆమె నాకు టీ ఇచ్చిన ప్రతిసారీ అది ఆమె మనసులో ఉన్నట్టేనా? "కలిసినం" అని ఉంటే నాకోసం కొడుకు కడుపుమంట పక్కన పెట్టిందా? ఖాళీగా ఉంటే మాత్రం, ఆమె తొమ్మిదేళ్లు నాకోసం ఆగింది. నాకు అన్నింటికంటే అదే భయం.

అతను గోళ్లతో గుంజి చూశాడు. కదల్లేదు. పక్కన కత్తి ఉంది. కోస్తే ఆ జాగా మధ్యకే తెగుతుంది. విప్పాలంటే తడిపి, ఓపిగ్గా కూర్చోవాలి.

"ఏం జెయ్యమంటవ్ వదినా? కోద్దునా, ఇప్పుదునా?"

ఎస్తేరు నీళ్ల చెంబు తెచ్చి నా పక్కన నిలబడింది. ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. "రేపు చెబుతాను" అని వచ్చేశాను. ఇది రాస్తున్న ఈ రోజుకీ ఆ మంచం వరండాలో అలాగే ఉంది, ముడితో. ఏం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు.