మూడు పూతల విమానం

పోర్ట్ బ్లెయిర్‌లోని మా చేపలోళ్ల పేటలో ఒక మాట ఇప్పటికీ చెలామణిలో ఉంది. మా లెక్కల మాస్టారు కామేశ్వరరావు గారు విమానం లెక్క తప్పు వేశారనీ, అందుకే నా గ్లైడరు ఊరందరి ముందూ కూలిందనీ. ఆ మాట పుట్టించినవాణ్ని నేనే. నాకు యాభై ఏడేళ్లొచ్చాయి. రోజూ పొద్దున్నే రక్తపోటు మాత్ర మింగుతున్నాను. నిజాన్ని కూడా ఇంకా మింగి ఉంచడం ఒంటికి మంచిది కాదని ఇది రాస్తున్నాను. తిట్టుకోండి, కానీ చివరిదాకా చదివి తిట్టుకోండి. అసలు ఘోరం అక్కడుంది.

అప్పుడు నేను పదో తరగతి. మెయిన్‌లాండ్ నుంచి విమానం వచ్చే రోజు మాకు పాఠం ఉండేది కాదు. దూరాన మోత వినపడగానే "ఎవరూ కదలకండి" అని గట్టిగా హెచ్చరించి, మాస్టారే ముందు బయటికి పరుగెత్తేవారు. వెనక మేం. అంత బరువు, పైన ఏ తాడూ లేకుండా, కొబ్బరిచెట్ల మీదుగా పొందిగ్గా దిగుతుంటే నా నోరు తెరుచుకునేది. అది మూతపడాలంటే అన్నాల బెల్లు కొట్టాలి.

"మాస్టారూ, అది పడిపోదేం?"

"లెక్క ఉంది కాబట్టి."

ఆ ఒక్క మాటతో నేను విమానాల ఇంజనీరునైపోయాను. ఇక మిగిలింది చదువొక్కటే.

ఈ సంగతి మా అయ్యకి చెప్పాను. అయ్య పేరు గవరయ్య. సొంత డోంగీ ఉంది, అంటే చిన్న పడవ. పదో తరగతి కాగానే నన్ను అందులో ఎక్కించాలని ఆయన ఆశ.

"ఇమానం తోల్తావేట్రా?"

"తోలను అయ్యా. తయారుచేస్తాను."

"మరి తోలీవోడు?"

"వేరే ఉంటాడు."

"నువ్వు సెయ్యడం, ఎవుడో ఎక్కి సావడమా! ఇదేం నౌకరీరా?"

చివరికి మా బడిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. విమానాలు బాగుచేసే ఇంజనీరొకాయన దానికి ముఖ్య అతిథి అని తెలిసి, అయ్య తీర్పు చెప్పాడు. "ఆ బాబు ముందల నీ ఇమానం ఎగిరిందా, పై సదువు. పడిందా, తెల్లారి డోంగీ ఎక్కు."

ఇరవై రోజులు, బడి వదిలాక, మాస్టారూ నేనూ గ్లైడరు కట్టాం. వెదురు పేళ్లు, గాలిపటం కాగితం, మైదా జిగురు. రెక్క ఎంత పొడవుండాలో, ముక్కు దగ్గర ఎంత బరువుండాలో ఆయన శనగల పొట్లం కాగితం మీద లెక్కవేశారు. ఆ అంకెలు నాకు మంత్రాల్లా కనిపించాయి. కిరాణా కొట్టు తక్కెడలో తూచి, "సరిగ్గా రెండొందల గ్రాములు. ఇంక దీని మీద చీమ ఎక్కినా నన్నడిగి ఎక్కాలి" అన్నారు.

ప్రదర్శనకి ముందురోజు మధ్యాహ్నం బడి మెట్ల మీంచి వదిలాం. అది చేతిలోంచి జారి, ఒక్క క్షణం ఆలోచించి, గాలి మీద కూర్చుంది. మైదానం దాటింది. అవతలి పాక కప్పు దాటింది. తనకి నచ్చినచోట గడ్డి మీద వాలింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంట్లో భద్రంగా పెట్టు. దీన్నింక ముట్టుకోకు" అన్నారు.

ముట్టుకున్నాను.

సాయంత్రం వాన పట్టుకుంది. మా దీవుల్లో వానంటే బంధువు లాంటిది, వస్తే వెళ్లదు. కాగితం రెక్కలు తడిస్తే ఇరవై రోజుల పనీ గంగపాలే. మా ఇళ్లలో తడిసే వస్తువు దేనికైనా ఒకటే వైద్యం: గర్జన్ చెట్టు నూనెలో గుగ్గిలం కలిపి పూత వేయడం. పడవకదే, తెడ్డుకదే, నాయనమ్మ పెట్టెకదే. నేను బ్రష్షు తీశాను.

"ఏట్రా, ఇల్లంతా పడవ కంపు?" అంది అమ్మ.

"రేపు వానొస్తే ఇమానం నానిపోతాదమ్మా."

"ఐతే ఒక్క పూతేటి? మూడెయ్యి. మీ అయ్య పేరు సెడగొట్టకు."

మూడు వేసి పడుకున్నాను. పొద్దుటికి గ్లైడరు నూనెలోంచి తీసిన అప్పడంలా మెరుస్తోంది. నాయనమ్మ దాని ముక్కుకి పసుపూ కుంకుమా పెట్టింది. ఎత్తితే కాస్త బరువనిపించింది. భయానికి నా చేతులే నీరసించాయనుకున్నాను. చూశారా, తెలివి!

ప్రదర్శనలో అతిథి గారు తెల్ల ప్యాంటు వేసుకుని మెట్ల కింద నిలబడి, "ఉడావో బేటా!" అన్నారు. వదిలాను. పడిపోయింది అనడానికి కూడా లేదు. పడటానికి కొంత సమయం పడుతుంది కదా. తిన్నగా ఆయన కాళ్ల దగ్గరున్న వాన గుంటలోకి వెళ్లింది. బురద ఆయన మోకాళ్లదాకా ఎగిరింది. ఆ రోజు ఎగిరింది అదొక్కటే.

అందరూ బిగుసుకుపోయారు. మా అయ్య మాత్రం పరుగున వెళ్లి, గుంటలో హాయిగా తేలుతున్న గ్లైడరుని తీసి, తిరగేసి, తట్టి చూశాడు.

"సూడండి బాబూ! సుక్క నీరు ఎక్కనేదు!"

"వాహ్ గవరయ్య భయ్యా, పక్కా పని!" అన్నారు పేటవాళ్లు.

అప్పుడు అయ్యకి గుర్తొచ్చింది, అది పడవ కాదని. ముఖం మారింది. "మరి ఎగరనేదేట్రా?"

నాకు కళ్ల ముందు డోంగీ కనిపించింది. "మాస్టారు లెక్క తప్పేశారు" అన్నాను.

"నిజవేనా మేష్టరుబాబూ?"

మాస్టారు గ్లైడరు అందుకున్నారు. అరచేతిలో ఒకసారి ఎగరేసి తూచారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. నావైపు చూశారు.

"నిజమే గవరయ్యా. తప్పు నాదే. పిల్లవాడి పనితనం నువ్వే చూశావుగా. నా తప్పుకి వాణ్ని సముద్రంలోకి పంపుతావా?"

అయ్య తల అడ్డంగా ఊపాడు. "మేష్టరు తప్పుకి గుంటడికి సిచ్చేటి? సదవనీ."

అలా నేను చదివాను, విమానాల రెక్కలు పరీక్షించే ఉద్యోగం దాకా వచ్చాను. పేటలో మాత్రం పిల్లల్ని ఆయన దగ్గరికి ట్యూషన్‌కి పంపడం మానేశారు. ఆయన ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. విమానం ఎందుకు పడదో నాకిప్పుడు తెలుసు. ఆ మనిషి ఎలా నిలబడ్డాడో మాత్రం ఇప్పటికీ నోరు తెరిచి చూడవలసిందే.

మొన్న మా ఊళ్లోనే మిడిల్ పాయింట్‌లో ఉన్న ఆయన ఇంటికెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"మాస్టారూ, ఆ రోజు మీ లెక్క తప్పు కాదు. నేను గర్జన్ నూనె మూడు పూతలు వేశాను."

"నాలుగు" అన్నారు.

"లేదు మాస్టారూ, మూడే."

"ఆ సాయంత్రం కిరాణా కొట్లో మళ్లీ తూచాను. మూడైతే గుంటయినా దాటేది. నాలుగోది నువ్వు పడుకున్నాక మీ అమ్మ వేసింది. మర్నాడే వచ్చి ఏడ్చి, నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎగరవలసినదానికి నూనె రాయను. లెక్క తెలిసినవాడి మీద నింద వేయను. అన్నిటికన్నా ముఖ్యంగా, మా అమ్మ ఉన్న ఇంట్లో బ్రష్షు బయటపెట్టి నిద్రపోను.