రెండు దేశాల్ని కూర్చోబెట్టినవాడు

నేను చెప్పబోయేదాంట్లో ప్రతి అక్షరం నిజం. కావాలంటే అబుదాబి ఎండలో, చెప్పుల్లేకుండా, తారు రోడ్డు మీద నిలబడి ప్రమాణం చేస్తాను. యుద్ధం ఆపి సొంత అక్క సర్పంచ్ పదవిని గంగలో కలిపిన మనిషి ఈ గల్ఫ్ మొత్తం మీద నేనొక్కడినే. ఆ ఘనత ఇంకెవరో ఎత్తుకుపోకముందే రాసి పెడుతున్నాను.

అబుదాబిలో ఓ పెద్ద హోటల్లో బల్లలు, కుర్చీలు వేయించడం నా ఉద్యోగం. పెళ్లికైతే గుండ్రంగా, కంపెనీ మీటింగుకైతే పొడుగ్గా. ఆ చలికాలం, ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న రెండు దేశాల వాళ్లు సంధి మాట్లాడుకోవడానికి మా హోటలుకే వచ్చారు. పేర్లు చెప్పను, నాకు ఉద్యోగం కావాలి. మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచి, "రెండు పక్కలా కుర్చీలు సమానంగా ఉండాలి. అంగుళం తేడా వచ్చిందో, యుద్ధం మళ్లీ నీ వల్లే మొదలవుతుంది" అన్నాడు. టేపు పెట్టి కొలిచాను. కిర్రుమన్న ప్రతి కుర్చీనీ అవతలికి నెట్టేశాను. ఆ రోజు ప్రపంచశాంతి మొత్తం నా నడుం మీద నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే ఊళ్లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మాది జగిత్యాల వైపు. సర్పంచ్ సీటు ఆడవాళ్లకొచ్చింది. పై వాడ నుంచి మా లచ్చక్క, కింది వాడ నుంచి రాజవ్వ నామినేషన్ వేశారు. బడి ముందు పారే మురికినీళ్లకు మోరీ కట్టిస్తానని అక్క గడపగడపా తిరిగి కాళ్లు వాచిపోయి, నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, రువైస్ల, రాస్ అల్ ఖైమాల ఉన్న మనోళ్లు ఇండ్లకు ఫోన్లు జేసి నాకు ఓటెయ్యమంటే చాలు. నువ్వేం జెయ్యకు."

"ఏం జెయ్యకుంటే ఎట్లక్కా?"

"నువ్వు జేస్తే ఎట్లుంటదో నాకెరికే. అందుకే చెప్తున్న."

అక్క తెలివైనది. ఆ తెలివి మా ఇంట్లో ఆమెతోనే అయిపోయింది.

అతిథులు వెళ్లిపోయి, జెండాలు ఇంకా తీయని సమయం చూసి, హోటలువాళ్లిచ్చిన నల్లకోటు తొడుక్కుని వాటి మధ్య నిలబడి వీడియో తీసుకున్నాను. "లచ్చక్క తమ్ముణ్ని మాట్లాడుతున్న. కొట్లాడుకునే రెండు దేశాల్ని ఈడ కూసోవెట్టింది నేనే. అసొంటి ఇంటి ఆడబిడ్డకు ఓటెయ్యుండ్రి."

గమనించారా, ఒక్క అబద్ధం లేదు. కుర్చీలు వేసింది నేను. వాళ్లు కూర్చున్నది వాటి మీదే.

వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులో పడింది. ముందు రువైస్ నుంచి మా పక్కింటి మల్లేశ్ ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు ఆడ చాయ్‌లు మోస్తవనుకున్నం గదనే." కుర్చీలురా అని దిద్దబోయి ఆగిపోయాను. ఆ వెంటనే గంగారాం మామ. ఆయన కింది వాడ పెద్దమనిషి, ఏళ్లుగా మా ఇంటి వైపు తల తిప్పి చూడనివాడు.

"అల్లుడా, దేశాల్నే కూసోవెట్టినోనివి, మన రెండు వాడల్ని కూసోవెట్టలేవా?"

మా ఊరి యుద్ధం గురించి మీకు చెప్పాలి. మల్లన్న జాతరలో గుడి చుట్టూ బండ్లు తిరుగుతాయి. ఇప్పుడు బండ్లంటే ట్రాక్టర్లే. ఎవరి ట్రాక్టరు ముందు నడవాలన్న దగ్గర మొదలై, రెండు వాడల మధ్య మాటలు పోయాయి, పెళ్లి పిలుపులు పోయాయి, చివరికి పై వాడ కోళ్లు కింది వాడలో గింజ ముట్టడం మానేశాయి.

నా వల్ల కాదని చెప్పాల్సింది. నల్లకోటు ఒప్పుకోలేదు.

మర్నాడు వీడియో కాల్ పెట్టారు. అటు పంచాయతీ ఆఫీసు ముందు చాపల మీద రెండు వాడలూ, ఒకరికొకరు వీపులు చూపించుకుంటూ. ఇటు హోటల్ సామాన్ల గదిలో, పేర్చిన కుర్చీల మధ్య నేను.

"మా ట్రాక్టరే ముందు" అన్నాడు పై వాడ నర్సన్న.

"మీది ముందు పోతే మాది షెడ్డుల్నే ఉంటది" అన్నాడు గంగారాం మామ.

నేను గొంతు సవరించుకున్నాను. "ఈడ గూడ గదే లొల్లి. ఎవలు ముందుగాల లోపటికి రావాలె అని పంచాది. నేనేం జేసిన? హాలుకు రెండు తలుపులు. రెండూ ఒక్కపారే తెరిపిచ్చిన. యల్లా, నడువుండ్రి అన్న. ఇద్దరు కలిసి అడుగేసిన్రు."

"అంటే రెండు ట్రాక్టర్లు పక్కపక్కపొంటి తిరగాల్నా?" అన్నాడు నర్సన్న.

"గంతే."

"మరి గుడి దిక్కు ఎవలు, బయటి దిక్కు ఎవలు?"

"ఒక చుట్టు మీరు, ఒక చుట్టు వాళ్లు."

వీపులు మెల్లగా తిరిగాయి. గంగారాం మామ నర్సన్నకు బీడీ అందించాడు. ఏళ్ల యుద్ధం ఖలాస్. వెనకాల అక్క రెండు చేతులూ తలకేసి కొట్టుకుంటోంది. నాకు దండం పెడుతోందనుకున్నాను.

"గిట్ల కలిసినంక ఇగ ఎలచ్చన్లెందుకు?" అన్నాడు మామ. "ఏకగ్రీవం జేద్దాం. ఒక్కరుంటరు, ఒక్కరు నామినేషన్ వాపస్ తీసుకుంటరు."

"మా లచ్చక్క..." అని నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "సంధి జేసినోని ఇంటికే పదవి పోతే దాన్ని సంధి అనరు అల్లుడా, బేరం అంటరు. నీ పేరు ఖరాబైతది. నీ ఇజ్జత్ కోసమన్న రాజవ్వనే జేద్దాం."

రెండు వాడలూ చప్పట్లు కొట్టాయి. నా ఇజ్జత్ కాపాడుతున్నారు కదా అని నేనూ కొట్టాను. సగం కొట్టాక అర్థమైంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, నీకేం చెప్పిన?"

"ఏం జెయ్యకు అన్నవు."

"ఏం జేసినవు?"

"శాంతి."

"ఆ దేశాలోళ్లకు గూడ ఎలచ్చన్లు ఉంటయా?"

"ఉంటయక్కా."

"అందుకే సంధి జేస్కుంటలేరు. నీకంటె తెలివిగల్లోళ్లు."

ఆ తర్వాత ఆమె నాతో చాలా రోజులు మాట్లాడలేదు. మోరీ రాజవ్వే కట్టించింది, పక్కనే అక్క నిలబడి సిమెంటు పాలు తక్కువైందని మేస్త్రీని తిడుతుండగా. ఆ ఫొటో పంపి, కింద "నువ్వేం జెయ్యకు" అని మళ్లీ రాసింది.

కాబట్టి నల్లకోటు మీద ఒట్టేసి చెబుతున్నాను: ఓట్ల ముందు ఇక ఎవరికీ సంధి చేయను. పక్కగదిలో మొగుడూ పెళ్లాం గరిటెలు విసురుకున్నా, టీవీ శబ్దం పెంచుకుని కూర్చుంటాను.

ఇక ప్రతి అక్షరం నిజమన్నాను కదా. ఒక్కటి తప్ప. ఆ హాలుకు ఉన్నది ఒకటే తలుపు. రెండోదాన్ని నేను సామాన్ల గదిలో కూర్చుని, ఫోన్ ముందు, అప్పటికప్పుడు పెట్టించాను. నిజం తలుపులోంచి వెళ్లిన రెండు దేశాలూ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. లేని తలుపులోంచి మా ఊరి ట్రాక్టర్లు రెండూ పక్కపక్కనే పోతున్నాయి.